పక్కింటి కుక్కర్ విజిల్

టీవీలో బొమ్మ అడుగున పరుగెత్తే అక్షరాలను ఎవరో ఒకరు కూర్చుని రాస్తారన్న సంగతి నాకు నడివయసు వచ్చేదాకా తెలియదు. తెలిసిన తర్వాత రిటైరయ్యేదాకా నేను చేసింది ఆ పనే. ఇప్పుడు అందులో సగం కంప్యూటరే చేసేస్తోంది. మిగిలిన సగం కోసం చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, విన్నది టైప్ చెయ్యడమేగా, ఇందులో నేర్చుకునేది ఏముంటుంది" అని అడుగుతుంటారు. ఫోన్‌లో చెప్పబోతే పులుసు మాడుతోందనో, బస్సు వచ్చేసిందనో మధ్యలో ఆగిపోతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

గుంటూరు పక్క ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, మా ఆయన ఉద్యోగం బర్మింగ్‌హామ్‌కు మారితే వెంట వచ్చాను. ఇక్కడ నా డిగ్రీలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. చాలాకాలం ఇంట్లోనే ఉన్నాను. అమ్మాయి పెద్ద స్కూలుకు వెళ్ళాక, చెవిటివాళ్ళ కోసం సబ్‌టైటిల్స్ రాసే ఒక చిన్న కంపెనీలో మనుషులు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. వాళ్ళు పెట్టిన పరీక్షలో సగం స్పెల్లింగులే. స్పెల్లింగులు బట్టీ కొట్టడంలో మనవాళ్ళతో పందెం వేసేవాళ్ళెవరున్నారు, ఇట్టే నెగ్గాను. కొన్నాళ్ళు ప్రొబేషన్‌లో చూసి ఆ తర్వాత ఖాయం చేస్తామన్నారు.

ఆఫీసు ఒక కార్పెట్ల కొట్టు మీద మేడలో ఉండేది. మా మేనేజర్ ఆ ఊరివాడే. భారీ మనిషి, తక్కువ మాటలు, ఎక్కువ టీ. కోపం వస్తే ఇంకా మర్యాదగా మాట్లాడేవాడు కాబట్టి ఆయన మర్యాద పెరిగితే అందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. నేను రాసినదాన్ని సరిచూసే ఆమె వేల్స్ నుంచి వచ్చింది, ఇంచుమించు నా వయసే. కామా పక్కకు జరిగినా ఒప్పుకునేది కాదు. మధ్యాహ్నం మాత్రం నా డబ్బాలో పులిహోర ఉందేమోనని ముందే వచ్చి కూర్చునేది. ఆమె చేతిలో పడకపోతే నేను ఆ ఉద్యోగంలో నిలిచేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటాను.

మాటలు రాయడం తేలిక. కష్టమంతా చప్పుళ్ళతోనే. తలుపు కిర్రుమంటే, దూరంగా కుక్క మొరిగితే, అది కథకు అవసరమైతే అక్షరాల్లో చెప్పాలి. దీనికి మా ఆఫీసులో ఒకటే సూత్రం. వినేవాళ్ళకు తెలిసినదంతా చదివేవాళ్ళకూ తెలియాలి, అంతకంటే ఎక్కువ తెలియకూడదు. హంతకుడెవరో వినేవాళ్ళకు తెలియనప్పుడు "హంతకుడి అడుగుల చప్పుడు" అని రాశామంటే మన పని చెడినట్టే. వినడానికి ఇది చాలా సబబుగా ఉంటుంది. నాకూ ఒక సీరియల్ వచ్చేదాకా అలాగే అనిపించింది.

ఆ సీరియల్ ఇద్దరు అక్కాచెల్లెళ్ళ కథ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు, ఉత్తరాన ఒక బట్టల మిల్లులో ఇద్దరూ పనిచేస్తుంటారు. ఏదో మాట మీద మాట పెరిగి అక్క ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. కథంతా చెల్లెలే చెబుతుంది, అంతా అయిపోయాక. ప్రతి భాగం మొదట్లోనూ చివర్లోనూ ఒక వంటిల్లు, బల్ల మీద రెండు ముడతల చేతులు, ఆమె బొంగురు గొంతు. ఆమె మొహం చూపించరు. ఎదురుగా కూర్చుని వింటున్నది ఎవరో కూడా చూపించరు.

దీంతో చూసేవాళ్ళు రెండు పార్టీలయ్యారు. ఆమె ఈ కథ చెబుతున్నది ఎప్పుడు? ఆ వంటింట్లో అగ్గిపుల్లతో వెలిగించే గ్యాస్ పొయ్యి, పాత రేడియో, నాణెం వేస్తే తిరిగే కరెంటు మీటరు ఉన్నాయి కాబట్టి, కథ జరిగిన కొద్దికాలానికే చెబుతోందని మొదటి పార్టీ. జబ్బుచేసి గొంతు అలా అయిందిగానీ ముసలిది కాదనీ, మిల్లు పనికి చేతులు అలా అయ్యాయనీ వాళ్ళ సమాధానం. కాదు, ఈ మధ్యే చెబుతోందని రెండో పార్టీ. ఊరికే కాలక్షేపం వాదన కాదు ఇది. కొద్దికాలానికే అయితే అక్క ఇంకా బతికి ఉండొచ్చు, ఎదురుగా కూర్చున్నది ఆమే కావొచ్చు, ఇద్దరూ కలిసిపోయినట్టే. ఈ మధ్యే అయితే చెల్లెలికంటే ఎంతో పెద్దదైన ఆ అక్క పోయి ఉంటుంది. ఎవరికి మాత్రం అక్క పోవాలని ఉంటుంది? చాలామంది మొదటి పార్టీలోకే దూకారు. మా ఆఫీసులో కూడా పని పక్కన పెట్టి వాదించుకునేవాళ్ళం.

మూడో భాగం నా దగ్గరకు వచ్చింది. చివరి సన్నివేశంలో ఆ చేతులు కప్పును పట్టుకుని ఉంటాయి. గొంతు కాసేపు ఆగుతుంది. అలా ఆగినప్పుడు, గోడ అవతల నుంచి సన్నగా ఒక విజిల్. ఆగింది. మళ్ళీ ఒకటి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇంగ్లీషులో "పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్" అని రాశాను.

ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఎలా? మేము మొదట అద్దెకున్న ఫ్లాట్‌లో కింద ఇంటాయన ఒక ఆదివారం పైకి వచ్చి, "మీ బాయిలర్‌కేమైనా ప్రమాదమా" అని మహా మర్యాదగా అడిగాడు. ఆ రోజు నుంచి కుక్కర్ పెడితే వంటింటి కిటికీ మూసి, తలుపు మూసి, ఆవిరిలో ఉడుకుతూ నిలబడేదాన్ని. సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఆ వారం మా వేల్స్ ఆమె సెలవులో ఉంది. వేరే ఎవరో చూసి పంపేశారు. సీరియల్ ప్రసారమైన రోజు నేను సోఫాలో కూర్చుని చూస్తున్నాను. మా ఆయన పక్క గదిలో లాప్‌టాప్ ముందున్నారు. ఆ విజిల్ వచ్చిందో లేదో లోపలి నుంచి కేక.

"ఏమోయ్, విజిల్ వచ్చింది. స్టవ్ కట్టెయ్యి."

"అది టీవీలోనండీ. నేను స్టవ్ మీద ఏమీ పెట్టలేదు."

"టీవీలో కుక్కరేంటి?" అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళి మరీ చూసి వచ్చారు. మా అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి, "డాడ్, సీరియస్లీ?" అని మళ్ళీ పెట్టుకుంది. నాకైతే ఆ పూట ఎవరో కిరీటం పెట్టినట్టు అనిపించింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. సెలవు నుంచి వచ్చిన మా వేల్స్ ఆమె, ఆన్‌లైన్‌లో పెట్టే కాపీని మరోసారి చూసి నా మాట కొట్టేసి "దూరంగా విజిల్" అని మార్చింది. అది ఆమె పని, రోజూ చేసేదే. నాకు చెప్పడం కూడా మరిచిపోయింది. కొన్నాళ్ళకు ఒక ఉత్తరం వచ్చింది, ఈమెయిల్‌లోనే, కానీ పాతకాలం ఉత్తరంలా పద్ధతిగా రాసింది.

రాసినామెది న్యూకాసిల్. బట్టలు కుట్టే పని చేసి రిటైరైంది. చిన్నప్పుడు జబ్బుచేసి వినికిడి పోయింది. పెదవుల కదలిక చూసి మాటలు తెలుసుకుంటుంది, నోటితోనే మాట్లాడుతుంది. ఆ ఊరి లైబ్రరీలో ఈ సీరియల్ అభిమానులు కొందరు వారంవారం కలిసి మాట్లాడుకుంటారు. అందులో చెవిటి మనిషి ఈమె ఒక్కతే. రెండో పార్టీ కూడా ఈమె ఒక్కతే. మూడో భాగం చూసి వెళ్ళి, పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది కాబట్టి ఆ ఇంటి పక్కన ఇండియన్ కుటుంబం ఉందనీ, ఆ రోజుల్లో ఆ చిన్న ఊళ్ళో అలా ఉండే వీలు లేదనీ, కాబట్టి చెల్లెలు ఈ మధ్యే కథ చెబుతోందనీ వాదించింది. పాత పొయ్యి సంగతేమిటంటే, మా వంటింటికి వచ్చి చూడండి, నేనూ మార్చలేదు అందట. వాళ్ళు ఆన్‌లైన్ కాపీ పెట్టి చూశారు. అందులో కుక్కర్ లేదు. నీకు వినపడదు కదా, ఎక్కడి నుంచి పుట్టించావ్ అన్నారట.

ఉత్తరం చివరి మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "కథ గురించి ఎవరిది ఒప్పు అని మిమ్మల్ని అడగను. నేను వినేది మీ అక్షరాలతోనే. ఆ మాట అక్కడ ఉందా, లేక లేనిది నేను చూశానా? అంతవరకు చెప్పండి చాలు."

అభిమానుల ఉత్తరాలకు జవాబివ్వకూడదని కంపెనీ పద్ధతి. మేనేజర్ మా ఇద్దరినీ పిలిచి, ఉత్తరం చదివి వినిపించి, "మీకు అభ్యంతరం లేకపోతే, ఏం జరిగిందో దయచేసి చెప్తారా" అన్నాడు. అంత మర్యాద వినేసరికి నా ప్రొబేషన్ కళ్ళ ముందు కదిలింది.

"అది కెటిల్" అంది వేల్స్ ఆమె. "పొయ్యి మీద పెట్టే పాత కెటిల్, నీళ్ళు మరిగితే విజిల్ వేస్తుంది. ఒకవేళ కుక్కరే అనుకుందాం. అది కుక్కరని వినేవాళ్ళలో ఎవరికి తెలుస్తుంది? వినేవాళ్ళకు తెలియనిది చదివేవాళ్ళకు చెప్పకూడదు కదా."

"వినేవాళ్ళంటే ఎవరు?" అన్నాను. "మా వీధిలో సగం ఇళ్ళలో తెలుస్తుంది. మా ఆయన పక్క గదిలోంచి విని స్టవ్ కట్టెయ్యమన్నారు."

మేనేజర్ టీ కప్పు కింద పెట్టాడు. ఆయన కప్పు కింద పెట్టడం నేను చూడటం అదే మొదలు. ముగ్గురం ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ విన్నాం. కెటిల్ అయితే ఎవరో వచ్చి దించేదాకా గోల పెడుతూనే ఉంటుంది, కుక్కర్ విజిల్ వేసి తనంతట తానే ఊరుకుంటుంది, మళ్ళీ వేస్తుంది అని చెప్పాను. వేల్స్ ఆమె కళ్ళు మూసుకుని ఇంకోసారి విని, "మా అమ్మమ్మకూ ప్రెషర్ కుక్కర్ ఉండేది. అది బుస్సుమంటూనే ఉండేది, ఇలా ఆగి ఆగి వేసేది కాదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నిన్ను ఒక్క మాట అడిగి మార్చాల్సింది" అంది. ఆమె నోట ఆ మాట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. మర్నాడు పులిహోర కాస్త ఎక్కువే చేశాను.

మేనేజర్ ఆ సీరియల్ తీసినవాళ్ళకు ఫోన్ చేశాడు. ఆ చప్పుడు వాళ్ళు కలిపింది కాదట. ఏదో వీధిలో ఖాళీ ఇంట్లో తీస్తుండగా పక్కింట్లోంచి వచ్చిందట. డైరెక్టర్‌కు అది నచ్చి ఉంచేశాడట. ఎందుకు నచ్చిందో, దానికేమైనా అర్థముందో ఎవరికీ చెప్పలేదట. ఇది బయట చెప్పవద్దన్నారు. అంటే ఆ వీధిలో ఏ ఇల్లాలో పప్పు పెట్టుకుంటే, దాని మీద దేశమంతా కూర్చుని వాదించుకుంటోందన్నమాట. మా ముగ్గురికీ నవ్వు ఆగలేదు.

"పద్ధతి ప్రకారం జవాబివ్వకూడదు" అన్నాడు మేనేజర్ నవ్వు ఆపుకుని. "కానీ ఆమె అడిగింది కథ గురించి కాదు, మన పని గురించి." ఆయనే కూర్చుని జవాబు రాశాడు. ఆ మాట అక్కడ ఉంది, రాసింది మేమే, మీకు చెప్పకుండా తీసేసింది కూడా మేమే, తిరిగి పెడుతున్నాం, దాని అర్థమేమిటో మాకూ తెలియదు అని. నన్ను ఉద్యోగంలోంచి తీసేయకపోగా, "ఆ గ్రూపు దగ్గరకు ఎవరైనా వెళ్ళి ఈ మాట ఎదురుగా చెబితే బాగుంటుంది, మీరు వెళ్తారా" అని అడిగాడు. నేను సరే అన్నాను. ఆ తర్వాత నోరు జారి, "కుక్కర్ పట్టుకెళ్ళనా" అన్నాను. ఆయన ఏమాత్రం నవ్వకుండా, "పట్టుకెళ్ళకపోతే ఎలా" అన్నాడు.

చక్రాల సూట్‌కేసులో దుప్పటి చుట్టిన కుక్కర్, ఒక పొట్లంలో కందిపప్పు. న్యూకాసిల్ దాకా రైల్లో దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఆ ప్రయాణమంతా, అక్కడ విజిల్ రాకపోతే ఏమిటి గతి అని ఒకటే దిగులు. నా సంగతి సరే, ఆమె పరువు రెండోసారి పోతుంది.

లైబ్రరీ గుమ్మంలోనే ఆమె ఎదురొచ్చింది. సన్నగా, పొట్టిగా, తనే కుట్టుకున్న కోటు. నా మొహం కేసి సూటిగా చూస్తూ, "రండి పెట్, నా అక్షరాలు రాసేది మీరేనా" అంది. ఆ ఊళ్ళో ముద్దుగా ఎవరినైనా పెట్ అంటారట. నాకంటే పెద్దావిడ నన్ను అలా పిలుస్తుంటే కళ్ళు చెమర్చాయి.

ఆ గ్రూపులో పదిమందిదాకా ఉన్నారు. వాళ్ళకు పెద్దదిక్కులా ఉన్నాయన బడి పంతులుగా చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు, గట్టిగా మాట్లాడేవాడు. అయితే మాట్లాడేటప్పుడు తల అటూ ఇటూ తిప్పేవాడు, కిటికీ వైపు తిరిగి కూడా మాట్లాడేవాడు. ఆయన తల తిప్పిన ప్రతిసారీ ఆమెకు సగం మాట పోతుంది. ఆ సంగతి ఆయనకు తట్టినట్టే లేదు.

మేనేజర్ రాసిన జవాబు చదివి వినిపించాను. "మీరు రాసి ఉండొచ్చు" అన్నాడాయన. "కానీ అది కుక్కరేనని ఏమిటి నమ్మకం? ఎవరికైనా అలా వినపడిందా?" నేను సూట్‌కేసు తెరిచి కుక్కర్ బయటకు తీశాను.

హాలు పక్కనే చిన్న వంటగది. అలారం మోగుతుందేమోనని లైబ్రేరియన్ భయపడుతుంటే కిటికీ తెరుస్తానని మాటిచ్చాను. ఈ దేశం వచ్చాక కిటికీ తెరిచి కుక్కర్ పెట్టడం అదే మొదటిసారి. వాళ్ళందరినీ హాల్లోనే కూర్చోమని మధ్య తలుపు వేశాం. గోడ అవతల నుంచి వినాలి కదా మరి. ఆమె మాత్రం నాతో లోపలికి వచ్చింది.

పొయ్యి వెలిగించాక ఇద్దరం నిలబడ్డాం. నేను వినడానికి, ఆమె చూడటానికి. ఆమె అరచేతిని కుక్కర్ పక్కన గట్టు మీద ఆనించి, కళ్ళు విజిల్ మీద పెట్టింది. చాలాసేపు ఏమీ రాలేదు. నేను కొత్త పొయ్యిని, పాత రబ్బరును, నన్ను తిట్టుకుంటున్నాను. ఇంతలో విజిల్ లేచింది, తెల్లగా ఆవిరి ఎగసింది. ఆమె చెయ్యి గట్టు మీద అదిరింది. విజిల్ పడిపోయింది. "ఆగింది" అంది. మళ్ళీ లేచింది. "ఇంకొకటి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇదేనా నేను చదివింది" అని అడిగింది. ఇదేనన్నాను. ఆమె చెయ్యి తీయకుండా అలాగే ఉంచింది.

తలుపు తీసేసరికి హాల్లో అందరూ ఇటే చెవి పెట్టి ఉన్నారు. కొందరు కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆ పంతులు లేచి, గది దాటి ఆమె దగ్గరకు వచ్చి, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. తల ఎటూ తిప్పలేదు. వెలుతురు తన మొహం మీద పడేలా ఒక అడుగు పక్కకు జరిగాడు కూడా. "అదే చప్పుడు. మీరు చెప్పింది నిజం. నన్ను క్షమించండి" అన్నాడు, ఒక్కో మాటా విడమర్చి.

ఆమె ఆ పెదవులను చివరిదాకా చూసింది. "ఇంతకాలానికి మీ మాట ఒకటి పూర్తిగా అందింది" అంది. అందరూ నవ్వారు, అందరికంటే ముందు ఆయనే.

ఆ తర్వాత నా మీద పడ్డారు. మీకు లోపలి సంగతులు తెలిసే ఉంటాయి, ఆమె కథ చెబుతున్నది ఎప్పుడు, అక్క ఉందా పోయిందా అని. నాకు తెలిసింది ఒక్కటే, అది చెప్పకూడనిది. చెబితే వాళ్ళ వాదన మొత్తం ఒక ఇల్లాలి పప్పులో కలిసిపోతుంది. నేను నీళ్ళు నములుతుంటే ఆమె చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"ఆవిణ్ని అడగొద్దు. వినపడింది రాయడం వరకే ఆవిడ పని. ఎప్పుడన్నది తేల్చుకోవలసింది మనం."

మా ఆఫీసు సూత్రాన్ని అంత బాగా చెప్పినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. వాళ్ళు వెంటనే తేల్చుకోవడం మొదలుపెట్టారు. ఈసారి పంతులు రెండో పార్టీలో ఉన్నాడు, అందరి వైపూ తిరిగి మాట్లాడుతున్నాడు, ఆమె వైపు మరీ ఎక్కువగా. అందరికీ కాగితం కప్పుల్లో ఉప్పు వేసిన ముద్దపప్పు పెట్టాను. పోపు లేని పప్పు పెట్టానని మా అమ్మకు తెలిస్తే ఊరుకునేది కాదు. వాళ్ళు మాత్రం గీకి గీకి తిన్నారు.

నా ఉద్యోగం ఖాయమైంది. మా ఆఫీసు సూత్రం పక్కన మేనేజర్ ఇంకో మాట చేర్చాడు, ఒకరు రాసింది వాళ్ళనడగకుండా మార్చవద్దని. సీరియల్ అయిపోయింది, ఆ మొహం చూపించనే లేదు. వాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉండి ఉంటారు. ఆ మేనేజర్‌కు, ఆ వేల్స్ ఆమెకు నేను ఎంత రుణపడ్డానో వాళ్ళకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పిల్లలూ, మీరు మీవాళ్ళకు ముందే చెప్పేయండి. ఇంకొకటి. ఏ చప్పుడైనా మీ చెవికి తెలిసిందైతే, అది మీ ఇంటి చప్పుడని సిగ్గుపడి "దూరంగా విజిల్" అని రాయకండి. అవతల ఒక మనిషి ఆ అక్షరాలతోనే వింటోంది.

ఇప్పుడు మా వంటింటి కిటికీ తెరిచే ఉంటుంది.

నేను రిటైరైన ఏడాది ఆమె దగ్గర నుంచి ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. మార్చని ఆ పాత వంటిల్లు, అగ్గిపుల్లతో వెలిగించే పొయ్యి, దాని మీద తళతళలాడే కొత్త కుక్కర్. కింద రాసింది. "చెయ్యి గట్టు మీద పెట్టి లెక్కపెడుతున్నాను పెట్. పప్పుకు ఎన్ని రావాలి?"

మూడు చాలని రాశాను.